మొక్కజొన్న రాష్ట్రంలో ఎర్ర చొక్కాల శనివారం

మా అబ్బాయి ఒమాహాలో ఉద్యోగం చేస్తాడు. అమెరికా మ్యాపులో నట్టనడుమ ఉండే నెబ్రాస్కా రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద ఊరది. అమెరికా వెళ్లొచ్చామంటే మనవాళ్లు నయాగరా చూశారా, న్యూయార్క్ చూశారా అని అడుగుతారు. నేను రెండూ చూడలేదు. అనంతపురంలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పీడీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. నాకు ఆటలు కావాలి, ఆటలు చూసే జనం కావాలి. పైగా నేను వెళ్లింది 2024 అక్టోబరు మొదటి వారంలో, వాళ్ల అధ్యక్ష ఎన్నికలకు సరిగ్గా నెల ముందు. ఇంటికొచ్చి వారం కూడా కాలేదు. మాటలు చెవుల్లో ఉండగానే రాసేస్తున్నాను.

అక్టోబరు 3, గురువారం, ఒమాహా

పొద్దున్నే కోడలు వాకింగ్‌కు తీసుకెళ్లింది. ఇళ్ల ముందు పచ్చికలో ఎన్నికల బోర్డులు. మన ఫ్లెక్సీల్లా ముఖాలు, దండాలు పెట్టే చేతులు ఏమీ లేవు. కొన్ని ఇళ్ల ముందు తెల్లటి అట్ట మీద ఒక నీలి చుక్క, అంతే. పేరు లేదు, గుర్తు లేదు, అక్షరం లేదు.

"ఇదేంటమ్మా?" అంటే కోడలు చెప్పింది. అమెరికాలో 48 రాష్ట్రాల్లో గెలిచిన అభ్యర్థికే, అధ్యక్షుణ్ణి తేల్చే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి. మెయిన్, నెబ్రాస్కాల్లో మాత్రం అలా కాదు. నెబ్రాస్కాకు ఉన్నవి 5 ఓట్లు. రెండు రాష్ట్రమంతటా గెలిచినవాళ్లకు, మిగతా మూడూ ఒక్కో నియోజకవర్గంలో గెలిచినవాళ్లకు ఒక్కొక్కటి. రాష్ట్రం మొత్తం రిపబ్లికన్లదే అయినా ఒమాహా ఓటు 2008లో ఒబామాకు, 2020లో బైడెన్‌కు పడింది. ఎరుపు రిపబ్లికన్ల రంగు, నీలం డెమోక్రాట్లది. ఎర్ర రాష్ట్రంలో ఆ ఒక్క ఓటే ఈ నీలి చుక్క. ఎన్నికల ముందు ఈ పద్ధతి తీసేయాలని సెప్టెంబరులో గట్టిగా ప్రయత్నించారట. 49 మంది ఉన్న రాష్ట్ర శాసనసభలో 33 మంది కావాలి. ఒమాహాకే చెందిన ఒక రిపబ్లికన్ సభ్యుడు ఒప్పుకోకపోవడంతో అది అక్కడే ఆగిపోయింది.

నీలి చుక్క పెట్టుకున్న ఇంటావిడ మెట్ల మీద గుమ్మడికాయలు సర్దుకుంటోంది. నర్సుగా రిటైరయ్యిందట. కోడలు నన్ను పరిచయం చేసింది. బోర్డు గురించి అడగబోతే ఆమే ముందుగా, "రాజకీయాలు మాట్లాడితే మీకు ఇబ్బంది లేదు కదా?" అని అడిగింది. ఇలా అనుమతి తీసుకుని రాజకీయాలు మాట్లాడేవాళ్లను నేను మొదటిసారి చూశాను. తర్వాత ఎక్కడికెళ్లినా ఇదే మర్యాద కనిపించింది. ఆమె ఎదురింటి ముందు ట్రంప్ బోర్డు ఉంది. ఆ ఇంటివాళ్లతో మాట్లాడతారా అని అడిగాను. "మంచు తీసే మిషన్ మా ఇద్దరిదీ ఒకటే. చెరి సగం డబ్బులు వేసి కొన్నాం. ఎన్నికల తర్వాత కూడా మంచు పడుతుంది కదా" అంది.

ఆ రోజు దేవీ నవరాత్రులు మొదలు. సాయంత్రం గుడికి వెళ్లాం. బొమ్మల కొలువు పెట్టారు. అక్కడ పులిహోర తింటూ గుంటూరు ఆయనొకరు మాట్లాడారు. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది, సిటిజన్‌షిప్ వచ్చాక అధ్యక్షుడికి ఓటేయడం ఇదే మొదటిసారట. "మన ఊళ్లో ఎవరు ఏ పార్టీయో ఇంటిపేరును బట్టి చెప్పేస్తారు కదమ్మా. ఇక్కడ నా ఓటు ఎటో ఎవరికీ తెలీదు. అందుకే రెండు పార్టీలవాళ్లూ వచ్చి తలుపు కొడుతున్నారు" అన్నాడు. అమెరికా సెనేట్‌కు పోటీ చేస్తున్న డాన్ ఆస్‌బోర్న్ గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. ఆస్‌బోర్న్ మెకానిక్. 2021లో ఒమాహా కెలాగ్స్ ఫ్యాక్టరీ సమ్మెకు నాయకత్వం వహించినవాడు. ఏ పార్టీ లేకుండా, అప్పటికే సెనేటర్‌గా ఉన్న డెబ్ ఫిషర్ మీద నిలబడ్డాడు. గుడి మెట్ల మీద కూర్చున్న మనవాళ్లలో సగం మంది ఆ పోటీ గురించే మాట్లాడుకుంటున్నారు.

అక్టోబరు 4, శుక్రవారం, లింకన్

లింకన్ రాజధాని. ఒమాహా నుంచి కారులో గంట లోపే. ఊరు ఇంకా రాకముందే కాపిటల్ భవనం కనిపిస్తుంది. 400 అడుగుల బురుజు, పైన బంగారు రంగు గుమ్మటం, దాని మీద విత్తనాలు చల్లుతున్న రైతు విగ్రహం. శాసనసభ నెత్తిన రాజునో సేనానినో కాకుండా విత్తనం చల్లే మనిషిని నిలబెట్టారు. నాకైతే అది చూడగానే మనసు నిండిపోయింది. 1932లో పూర్తయిన కట్టడం ఇది. ఉత్తరం వైపు గుమ్మం పైన ఒక వాక్యం చెక్కారు. రాష్ట్రాన్ని కాపాడేది పౌరుల జాగరూకతే అని దాని అర్థం.

లోపల చూపించడానికి డబ్బులేమీ తీసుకోరు. గైడుగా వచ్చినామె సభ గదిలో వెనక బెంచీల మీద కూర్చోబెట్టి కథ చెప్పింది. అమెరికా రాష్ట్రాలన్నిటిలో ఒకే సభ ఉన్నది నెబ్రాస్కాకే. అంతకుముందు అందరిలాగే రెండు సభలు ఉండేవి. ఇక్కడివాడే అయిన అమెరికా సెనేటర్ జార్జ్ నోరిస్, రెండో సభ దండగ ఖర్చనీ, రెండు సభల మధ్య తలుపులేసుకుని చేసుకునే బేరాల్లో జనం సొమ్ము పోతోందనీ 1934లో ఊరూరా తిరిగాడు. ఆ తిరుగుడుకు కారు టైర్లు రెండు సెట్లు అరిగిపోయాయని చెప్పుకుంటారు. జనం ఓటేసి ఒప్పుకున్నారు. 133 మంది ఉన్న చోట 43 మంది చాలన్నారు. 1937లో కొత్త సభ కూర్చుంది. ఇప్పుడు 49 మంది. బ్యాలెట్ మీద వాళ్ల పేరు పక్కన పార్టీ పేరు ఉండదు. జీతం ఏడాదికి 12 వేల డాలర్లు, అంటే మన లెక్కలో పది లక్షల రూపాయలు. ప్రవేశపెట్టిన ప్రతి బిల్లు మీదా బహిరంగ విచారణ జరగాల్సిందే. ఎవరైనా వచ్చి బల్ల ముందు కూర్చుని మాట్లాడొచ్చు. రద్దయిన రెండో సభ గది ఇప్పటికీ ఉంది.

మీ దగ్గర ఎలా అని ఆమె అడిగింది. మా ఆంధ్రప్రదేశ్ శాసన మండలిని 1985లో రద్దు చేశారనీ, 2007లో మళ్లీ తెచ్చారనీ, 2020 జనవరిలో రద్దుకు తీర్మానం చేసి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారనీ చెప్పాను. "మూశారు, తెరిచారు, మళ్లీ మూయబోయి ఆగారు" అంటూ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ఈ మూడింటిలో ఒక్కసారైనా జనాన్ని అడిగారా?" అంది. ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు. అడగలేదు. ఇన్నేళ్లలో అలా అడగాలని నాకూ తోచలేదు.

మధ్యాహ్నం రన్జా తినడానికి వెళ్లాం. మెత్తటి బ్రెడ్డు లోపల గొడ్డు మాంసం, క్యాబేజీ పెట్టి కాలుస్తారు. ఆ పేరుతోనే ఊరూరా హోటళ్లున్నాయి. నేను గొడ్డు మాంసం తినను. ఈ రాష్ట్రంలో అది కొంచెం కష్టమే. కౌంటర్‌లో పిల్ల విసుక్కోకుండా ఏయే వాటిలో ఏముందో ఒక్కొక్కటీ చెప్పింది. బంగాళాదుంప వేపుళ్లు, ఉల్లి చక్రాలు సగం సగం కలిపిన పొట్లం తీసుకున్నాను. పక్క టేబుల్ వాళ్లు బీన్స్, మాంసం కలిపి ఉడికించిన కారం చిల్లీలో దాల్చినచెక్క తీపి రొట్టె ముంచుకుని తింటున్నారు. బడి భోజనాల్లో ఇలాగే పెట్టేవాళ్లట, అప్పటి అలవాటు.

రాత్రి మా అబ్బాయి తోటి ఉద్యోగి వాళ్ల పల్లెకు రమ్మన్నాడు. లింకన్‌కు పడమరగా గంట దూరం. హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఫుట్‌బాల్ అంటే మన కాలి బంతి కాదు, కోడిగుడ్డు ఆకారంలో బంతి పట్టుకుని పరుగెత్తే ఆట. మామూలుగా పదకొండు మంది ఆడాలి. ఈ పల్లెల్లో అంతమంది పిల్లలు లేక ఎనిమిది మందితో ఆడతారు. అదీ ఒక ఊరితో చాలక రెండు ఊళ్ల బడులు కలిసి ఒక జట్టు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఈ గ్రౌండ్‌లోనే ఆడాడట. అప్పట్లో అవతలి ఊరు వాళ్ల ప్రత్యర్థి. ఆ ఊరి పిల్లాడు బంతి పట్టుకుంటే ఇప్పుడు ఆయన లేచి నిలబడి అరుస్తున్నాడు. "బడి మూతపడటం కన్నా ఇదే నయం. బడి పోతే ఊరు పోయినట్టే" అన్నాడు.

టికెట్ ఎనిమిది డాలర్లు. పాప్‌కార్న్, కాఫీ అమ్మేది పిల్లల తల్లులే. ఆ డబ్బు బడి బ్యాండుకు పోతుంది. ఊళ్లో హోటల్ మూసేసి అందరూ ఇక్కడే ఉన్నారు.

అక్టోబరు 5, శనివారం, మెమోరియల్ స్టేడియం

యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా జట్టు పేరు హస్కర్స్, అంటే మొక్కజొన్న పొత్తులు ఒలిచేవాళ్లు. ఈ రోజు రట్గర్స్ యూనివర్సిటీతో మ్యాచ్. పొద్దుట నుంచే ఊరంతా ఎరుపు. చర్చి ముందు ముసలమ్మలు, పాలసీసాల పిల్లలు, పోలీసు కుక్క మెడ పట్టీ, అన్నీ ఎరుపే. స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పచ్చికలో కార్లు పెట్టనిచ్చి డబ్బు తీసుకుంటారు. మేం 40 డాలర్లు ఇచ్చాం. మామూలు చేతిసంచి లోపలికి రానివ్వరు, లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ సంచి అయితేనే సరే.

1962 నవంబరు నుంచి ఇక్కడ ప్రతి హోమ్ మ్యాచ్‌కూ టికెట్లన్నీ అయిపోతూనే ఉన్నాయి. గెలుపులు లేని కాలంలో కూడా. 85 వేల మందికి పైగా పడతారు. మ్యాచ్ రోజున ఈ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అవుతుంది. ఒమాహా, లింకన్ తర్వాత అంతమంది ఉన్న ఊరు మరొకటి లేదు. ఈ రాష్ట్రంలో ఫుట్‌బాల్‌కూ బేస్‌బాల్‌కూ పెద్ద ప్రొఫెషనల్ జట్లు లేవు. ఉన్నది కాలేజీ జట్టే. పడమటి కొసన ఆవులు కాసుకునేవాళ్లు కూడా ఐదారు గంటలు కారు నడుపుకుంటూ వస్తారు.

మా వరుసలో ఒకాయన, ఆయన భార్య. ఆ సీట్లు ఆయన తండ్రి నుంచి వచ్చాయట. ముందు వరుసలో వాళ్లను, వెనక వరుసలో వాళ్లను పేర్లతో పిలుస్తున్నాడు. పెళ్లిళ్లకు, చావులకు ఒకరింటికి ఒకరు వెళ్తారు. మాటల్లో టామ్ ఆస్‌బోర్న్ పేరు వచ్చింది. సెనేట్‌కు నిలబడ్డ డాన్ వేరు, ఈయన వేరు. 1973 నుంచి 1997 దాకా ఇక్కడ కోచ్, 255 గెలుపులు, మూడు జాతీయ టైటిళ్లు. తర్వాత 2000లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి భారీ మెజారిటీతో గెలిచాడు. 2006లో గవర్నర్ కావాలనుకుంటే మాత్రం సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడిపోయాడు. "మీరు ఆయనకు ఓటేశారా?" అని అడిగాను. "లేదు. ఆయన కోసం వానలో నాలుగు గంటలు నిలబడ్డాను, కానీ ఓటు వేరు" అన్నాడు. భార్య మాత్రం వేసిందట. ఇప్పటి గవర్నర్ జిమ్ పిల్లెన్ కూడా ఈ జట్టులో ఆడినవాడే. 1978లో ఒక్లహోమా మీద 17–14తో గెలిచిన మ్యాచ్‌లో చివర్లో జారిన బంతిని పట్టుకున్నది ఆయనే. "ఆ బంతికి ఇప్పటికీ దండం పెడతాను. ఆయన పన్నుల లెక్కలు మాత్రం నాకు నచ్చవు" అన్నాడు పెద్దాయన. ఆటగాడి మీద ప్రేమను, నాయకుడి మీద లెక్కను ఇంత స్పష్టంగా విడదీసి చూడటం నాకు చాలా నచ్చింది. సినిమా నటులకు ఓట్లేసిన నేల నుంచి వచ్చినదాన్ని, నాకది చిన్న విషయం కాదు.

ఆట నియమం తేలికే. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. పోతే మళ్లీ నాలుగు. ఆ రోజు మ్యాచ్ అంతా టెన్షనే. బంతిని అవతలి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. మొత్తం మీద రెండు జట్లకూ కలిపి మూడే టచ్‌డౌన్లు, నెబ్రాస్కా 14–7తో గెలిచింది. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. ఆట అయ్యాక ఓడిన రట్గర్స్ పిల్లలు బయటికి వెళ్తుంటే ఎర్ర చొక్కాలవాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటట.

ఆ భార్యాభర్తల్లో ఆవిడ నా ఉద్యోగం అడిగింది. వాలీబాల్ నేర్పేదాన్నని చెప్పగానే సీటు మార్చుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇదే స్టేడియంలో, గడ్డి మీద కోర్టు వేసి, 2023 ఆగస్టు 30న కాలేజీ అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్ ఆడించారు. 92,003 మంది వచ్చారు. ఆమె తన కూతుర్ని, మనవరాలిని తీసుకుని వచ్చిందట. ఫోనులో ఫోటో చూపించింది. మనవరాలి బుగ్గ మీద ఎర్ర రంగుతో ఎన్ అక్షరం, వెనక కనుచూపు మేర జనం. నెబ్రాస్కా అమ్మాయిలు 1995 నుంచి 2017 వరకు ఐదు జాతీయ టైటిళ్లు గెలిచారు. మామూలు రోజుల్లో వాళ్లు ఇండోర్ హాల్లో ఆడే మ్యాచ్‌లకు కూడా 2001 నుంచి టికెట్లు మిగలడం లేదు.

ఆ ఫోటోను నేను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు. మేం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ జట్టుగా ఇంటర్ యూనివర్సిటీ ఆటలకు వెళ్లిన రోజుల్లో కోర్టు గీతలు మేమే గీసుకునేవాళ్లం. డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసి, తాడు పట్టుకుని వెనక్కి నడిచేవాళ్లం. చూడటానికి మా మేడమ్, అవతలి జట్టు మేడమ్, వాచ్‌మన్. మా నాన్న ఒక్కసారి కూడా రాలేదు. రావాలని ఆయనకు తోచనే లేదు, అది తప్పనీ కాదు. నేను పీడీ అయ్యాక కూడా పదో తరగతి దాకా బాగా ఆడిన పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికి ఇంట్లో వద్దన్నారని ఒక్కొక్కరే మానేసేవాళ్లు. ఆవిడకు ఇదంతా చెప్పాను. మా కోడలు ఇంగ్లీషులో సర్ది చెప్పింది. ఆవిడ, "మా అమ్మ కాలంలో ఇక్కడా అమ్మాయిలకు జట్టు లేదు. 1972లో చట్టం వచ్చాకే కాలేజీలు ఆడపిల్లల ఆటలకు డబ్బు పెట్టాయి" అంది. టైటిల్ నైన్ అంటారు ఆ చట్టాన్ని. ఆమె చెప్పిన తీరు చూస్తే, జనం ముందు మారారని కాదు, ముందు జట్లు వచ్చాయి, జనం తర్వాత వచ్చారు.

అక్టోబరు 6, ఆదివారం, యార్క్ పరిసరాలు

శుక్రవారం పల్లె మ్యాచ్‌లో కలిసిన పెద్దాయన మమ్మల్ని పొలానికి రమ్మన్నాడు. ఫోను మ్యాపు నమ్ముకుని వెళ్తే కంకర రోడ్డు మట్టి రోడ్డయింది, ఒక పసుపు బోర్డు వచ్చింది: ఈ దారిని పెద్దగా బాగుచేయం, మీ పూచీ మీద వెళ్లండి. సిగ్నల్ పోయింది. ఇక్కడి రోడ్లు మైలుకొకటి చొప్పున చదరంగం గళ్లలా ఉంటాయి, ఎటు చూసినా ఒకేలాంటి మొక్కజొన్న. ఎదురుగా వచ్చిన పికప్ ఆయన ఆగి, దిగి, దారి చెప్పి, చాలదనుకుని తనే ముందు నడిపి చూపించాడు. ఈ దారుల్లో ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తుతాడు. అదే పలకరింపు. మధ్యాహ్నానికి మా అబ్బాయి కూడా ఎత్తడం మొదలుపెట్టాడు.

పొలంలో కోత నడుస్తోంది. చక్రాల మీద నిలబడి గుండ్రంగా తిరిగే పొడవాటి నీటి పైపు చూశాను. సెంటర్ పివట్ అంటారు. విమానంలో నుంచి చూస్తే ఈ రాష్ట్రమంతా పచ్చటి గుండ్రాలు కనిపించేది దీనివల్లే. అడుగున ఉన్నది ఓగల్లాలా అనే పెద్ద భూగర్భ జలాశయం. అనంతపురం దాన్ని కదా, నా కళ్లు బోరు దగ్గరే ఆగిపోయాయి. పైపుకు మీటరు బిగించి ఉంది. ఎవరు చూస్తారు ఈ మీటరు అంటే, 1972 నుంచి రాష్ట్రంలో సహజ వనరుల జిల్లాలు ఉన్నాయనీ, ఇప్పుడవి 23 అనీ, వాటి బోర్డు సభ్యులను జనమే ఎన్నుకుంటారనీ పెద్దాయన చెప్పాడు. నీరు ఎంత తోడాలో ఆ బోర్డు నిర్ణయిస్తుంది. కరెంటు కూడా అంతే. ఈ రాష్ట్రంలో ఇళ్లకు, పొలాలకు కరెంటు అమ్మే ప్రైవేటు కంపెనీ లేదు, అన్నీ జనం సంస్థలే. "నీళ్ల బోర్డులో ఉన్నది మా పక్క పొలం వాడు. తిట్టాలంటే నడిచి వెళ్లి తిడతాను" అన్నాడు. మా చిన్నాన్న ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించి, అన్నీ ఎండి, భూమి అమ్ముకున్నాడు. ఆయనకు ఎంత తోడాలో చెప్పేవాళ్లు లేరు, ఎంత మిగిలిందో చెప్పేవాళ్లూ లేరు.

పెద్దాయనకు పెద్ద బాధ భూమి పన్ను. బడుల ఖర్చు ఎక్కువగా ఆ పన్ను మీదే నడుస్తుంది. గవర్నర్ ఈ వేసవిలో ప్రత్యేక సమావేశాలు పెట్టించినా ఆయనకు తృప్తి లేదు. "బడి ఉండాలి, పన్ను తగ్గాలి. రెండూ ఎలాగో నాకూ తెలీదు" అన్నాడు. అంత నిజాయితీగా చెప్పిన రాజకీయ మాట ఆ వారంలో ఇంకోటి వినలేదు.

అక్టోబరు 7, సోమవారం, విల్బర్ వైపు

విల్బర్ చుట్టుపక్కల చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లు. అక్కడి తీపి బన్ను పేరు కొలాచె. నడుమ గుంట చేసి పండ్ల గుజ్జు పెడతారు. ఒకదానిలో నల్లగా ఉంటే ఏమిటా అని కొరికాను. గసగసాలు! నూరి, పంచదార వేసి ఉడికించారు. మన గసగసాల పాయసం చిక్కబడితే వచ్చే రుచి. ఒక్కోటి రెండు డాలర్లు. డజను కట్టించుకున్నాం.

దారిలో ఒక చిన్న ఊరి కెఫేలో కాఫీకి ఆగాం. పొద్దున తొమ్మిదికే గుండ్రటి బల్ల చుట్టూ టోపీల పెద్దవాళ్లు. కొత్తవాళ్లను చూసి ఒకాయన కుర్చీలు లాగాడు. శనివారం మ్యాచ్‌కు వెళ్లామని చెప్పగానే బల్లంతా మాదే. 2016 తర్వాత జట్టు సీజన్ చివరి బౌల్ మ్యాచ్‌కు ఒక్కసారీ చేరలేదు, ఈసారైనా చేరుతుందా అన్నది చర్చ. అక్కడి నుంచి ఓటుకు వెళ్లింది. ఇద్దరు ట్రంప్, ఒకాయన చెప్పనన్నాడు, డాన్ ఆస్‌బోర్న్ దగ్గర నలుగురూ నాలుగు రకాలు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు కప్పు వైపు చూస్తూ వింటారు, అయ్యాక కాసేపు ఆగి మొదలుపెడతారు.

కాఫీ డబ్బులు ఎవరు కట్టాలో తోలు గిన్నెలో పాచికలు వేసి తేలుస్తారు. రోజూ ఇదే పద్ధతి. గిన్నె నా చేతికీ ఇచ్చారు. వేశాను, అందరికన్నా తక్కువ పడింది. అన్ని కాఫీలకూ కలిపి 14 డాలర్లు. మా అబ్బాయి మొహమాటంగా చూశాడు కానీ వాళ్లెవరూ వద్దనలేదు, అతిథి కదా అనీ అనలేదు. ఓడినవాళ్లు కట్టాలి, కట్టాను. ఆ తర్వాత 19న ఇండియానాతో జరిగే మ్యాచ్‌కు స్కోరు చెప్పమన్నారు. 24–14, మనదే అన్నాను. గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో మిగతా నాలుగు అంకెల కింద నాదీ రాసి, పక్కన 'ఇండియా కోచ్' అని పెట్టారు.